కాలువ గట్టు మీద క్లౌ దొరగారు



ఈ మధ్య యౌవనస్థుల కూడిక ముగిసిన తరువాత ఒక అబ్బాయి మా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. అతను పనిచేసే చోట ఎవరో ఎగతాళి చేశారట. మీ ముత్తాతలు కరువులో గంజి కోసం మతం పుచ్చుకున్నవాళ్ళే కదా అని నలుగురి ముందూ అన్నారట. అతనికి జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి అన్నం కూడా సరిగా తినలేదని తల్లి తరువాత చెప్పింది. ఆ మాట నిజమేనా అని అతను మమ్మల్ని అడిగాడు.

మాకు ఆ మాట కొత్త కాదు. చిన్నతనంలో మేమూ పడ్డాము. ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల నుండి బ్రతుకుతెరువు కోసం బయలుదేరి మద్రాసులోనో, కోలారు గనుల దగ్గరనో, బొంబాయిలోనో స్థిరపడిన కుటుంబాలలో ఆ మాట పడని తరము లేదేమో. కోపపడి ఊరుకుంటే లాభము లేదు. తలవంచుకొని ఊరుకుంటే అంతకన్నా లాభము లేదు. అసలు జరిగిందేమిటో మన పిల్లలకు తెలియాలి. అందుచేత ఈసారి క్లౌ దొరగారి జీవితమును మీ ముందు ఉంచుతున్నాము.

ఆయన పేరు మనకు తెలియనిది కాదు. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి ఆదివారపు బడిలో కంఠస్థము చేసినవారమే. అయితే ఆ దినమునకు ముందు గడిచిన పదిహేను నెలల సంగతి అంతగా చెప్పుకోము. సంఖ్య చెప్పి చప్పట్లు కొట్టి కూర్చుంటాము. మేము చెప్పదలచినది ఎక్కువగా ఆ పదిహేను నెలల గురించే.

జాన్ ఎవరెట్ క్లౌ అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రమందలి ఫ్రూస్‌బర్గ్ అనే ఊరి దగ్గర 1836 జూలై 16న పుట్టారు. చిన్నతనంలోనే వారి కుటుంబము పడమటి దిక్కుగా వలస పోయింది. మొదట ఇల్లినాయ్, ఆ తరువాత అయోవా. కొత్త భూములు, కొత్త పొరుగు, చేతినిండా పని. వలస కుటుంబములో పెరగడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పదిహేడేళ్ళ ప్రాయంలో ఆయన భూములు కొలిచే సర్వేయర్ల జట్టులో చేరి మిన్నెసోటా అడవుల్లో గొలుసులు లాగుతూ ఆ విద్య నేర్చుకున్నారు. మట్టి ఎంత తవ్వితే ఎంత లెక్క, నేల వాలు ఎటు, కొలత ఎక్కడ తప్పుతుంది, ఇవన్నీ ఆ వయసులోనే ఆయనకు పట్టుబడ్డాయి. ఈ సంగతి చదువరులు కాస్త జ్ఞాపకం పెట్టుకోవలెను. పనికిరాని చదువు అనుకున్నది దేవుడు ఎప్పుడు ఎక్కడ వాడుకుంటాడో చెప్పలేము.

అప్పట్లో ఆయనకు భక్తి లేదు. న్యాయవాది కావాలని, రాజకీయాల్లో పైకి రావాలని ఆశ. బర్లింగ్టన్ అనే ఊరిలోని బాప్తిస్టు పాఠశాలలో చదువుకు చేరినప్పుడు, ఒకే గదిలో ఉన్న తోటి విద్యార్థి రాత్రిపూట మోకరించి ప్రార్థన చేయడం ఆయనకు గిట్టలేదు. గది మధ్యగా సుద్దముక్కతో ఒక గీత గీశారు. ఆ ప్రక్క నీది, నీ ప్రార్థన అక్కడే చేసుకో, ఈ ప్రక్కకు రావద్దు అన్న ఏర్పాటు. ఆ స్నేహితుడు వాదించలేదు. తన ప్రక్కనే ఉండి రోజూ ప్రార్థన చేసుకుంటూ పోయాడు. కొన్నాళ్ళకు గీత గీసినవాడే గీత దాటి వచ్చి ఆ స్నేహితుని ప్రక్కన మోకరించాడు. ఈ సంగతి మేము మొదటిసారి విన్నప్పుడు నవ్వుకున్నాము. ఇప్పుడు మాత్రం ఆ స్నేహితుని ఓర్పును గురించే ఆలోచిస్తున్నాము.

ఇక మన దేశము వైపు వద్దాము. అమెరికా బాప్తిస్టుల తెలుగు మిషను అప్పటికి చాలా బలహీనముగా ఉన్నది. 1836లో వచ్చిన శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ళు గడిచినా సంఘములో చేరినవారు కొద్దిమందే. పటములో ఒంటరిగా కనబడుతున్న ఈ ఒక్క కేంద్రమును మూసివేయుదమా అని అమెరికాలో ఒకసారి కాదు, మరల మరల చర్చ జరిగింది. 1853లో జరిగిన చర్చ వేళలోనే దీనికి ఒంటరి నక్షత్రమనే పేరు వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జూయెట్ దొరగారు, వారి భార్య, మన తెలుగువారైన నర్సు, జూలియా, రూతు అనేవారు ఒంగోలులోని కొండ ఎక్కి ఈ ప్రాంతము కొరకు ప్రార్థించారు. దానినే మనము ప్రార్థన కొండ అంటున్నాము. 1862లో మూసివేత మాట మళ్ళీ వచ్చినప్పుడు, ఆరోగ్యము చెడి స్వదేశములో ఉన్న జూయెట్ దొరగారు, మీరు పంపకపోయినా నేను ఒంటరిగానైనా తిరిగి వెళ్ళి అక్కడే చనిపోతాను అన్నారట. అలాంటి మనిషిని పాతిపెట్టడానికైనా ఒకరు తోడు ఉండాలి గదా అని పెద్దలు తలంచి, క్లౌ దొరగారిని తోడు పంపారు. 1864 నవంబరులో బోస్టన్ రేవులో ఓడ ఎక్కినవారు 1865 ఏప్రిల్‌లో మద్రాసు చేరారు. అయిదు నెలల ప్రయాణము.

దొరగారు, ఆయన భార్య హారియెట్ అమ్మగారు 1866 సెప్టెంబరులో నెల్లూరు నుండి ఒంగోలు వచ్చి కాపురము పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘము ఏర్పడింది.

ఇంతలో పడమటి దిక్కు నుండి పిలుపు వచ్చింది. ఒంగోలుకు నలభై మైళ్ళ దూరాన తాళ్ళకొండపాడు అనే ఊరిలో యెర్రగుంట్ల పేరయ్యగారనే మాదిగ పెద్ద ఉన్నాడు. తోళ్ళ వ్యాపారము ఆయనది. అంతకు ముందు గురువుల దగ్గర యోగము నేర్చుకొని, దేవుని వెదుకుతూ ఉన్న మనిషి. వ్యాపారము మీద ఉత్తరముగా ఏలూరు వైపు పోయినప్పుడు అక్కడి మిషనెరీ ద్వారా క్రీస్తును గూర్చి విన్నాడు. ఒంగోలుకు ఒక దొర వచ్చాడని తెలిసి వచ్చి బాప్తిస్మము పొందాడు. తిరిగి వెళ్ళి తన బంధువుల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగి చెప్పాడు. 1867 జనవరిలో దొరగారు తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి చుట్టు పల్లెల నుండి వచ్చిన జనము చింతచెట్ల క్రింద చేరారు. కొన్ని రోజులు ఉండడానికి తిండి మూటలు తెచ్చుకున్నారు. బాప్తిస్మము కోసం ఉతికిన బట్టలు కూడా వేరుగా మూటగట్టుకొని వచ్చారు. బోధించకముందే సిద్ధపడి వచ్చిన జనమన్నమాట. ఆ ప్రయాణములో 28 మంది బాప్తిస్మము పొందారు. మన సంఘచరిత్రలో దొరల పేర్లు ముందు వ్రాసి పేరయ్యగారి పేరు వెనుక వ్రాస్తుంటాము గాని, త్రోవ వేసినది పేరయ్యగారే అని మా అభిప్రాయము.

ఆ వెంటనే దొరగారికి మొదటి పరీక్ష వచ్చింది. ఒంగోలులోని అగ్రవర్ణముల వారు తమ పిల్లలను ఆయన బడికి పంపుతున్నారు. జీతము ఇస్తాము, మీ వేదము కూడా చదువుతారు అని కూడా అన్నారు. ఏ మిషనెరీకైనా అది ఆశపుట్టించే అవకాశమే. పైవారు మారితే క్రిందివారు తామే వస్తారని ఆ కాలంలో చాలామంది మిషనెరీల నమ్మకము. ఇంతలో మాదిగలు వచ్చి, మమ్మల్ని కూడా చేర్చుకోండి అన్నారు. వీరిని చేర్చుకుంటే మా పిల్లలను మానిపిస్తామని అవతలివారు. దొరగారికి ఎటూ తోచలేదు. ఒక గదిలో ఆయన, ఇంకొక గదిలో అమ్మగారు, ఒకరికొకరు చెప్పుకోకుండానే ప్రార్థించి బైబిలు తెరిచారు. ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములో, లోకములో వెర్రివారిని, బలహీనులను, నీచులను దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమే తగిలింది. బయటికి వచ్చి ఒకరికొకరు చెప్పుకున్నారు. మాదిగలను చేర్చుకున్నారు. ఆ పిల్లలు బడి మానివేశారు.

ఇది చదివి మనము గర్వపడనక్కరలేదు. మన సంఘాల్లో కొత్తగా వచ్చినవాడు ఏ పేటవాడు, ఏ పని చేస్తాడు అని ముందు చూసి తరువాత చేయి చాచే అలవాటు ఈనాటికీ పోలేదు. మేమూ చేశాము. అందుకే ఈ సంగతి మాకు ప్రతిసారి గుచ్చుకుంటుంది.

కొత్తగా నమ్మినవారిని దొరగారు మిషను కాంపౌండులోకి తెచ్చి పెట్టుకోలేదు. మీ పల్లెలోనే ఉండండి, మీ పని మీరు చేసుకోండి, అక్కడే క్రైస్తవులుగా బ్రతకండి అన్నారు. వారికి మూడు నియమములు ఉండేవి. ఆదివారము పని చేయకూడదు. చచ్చిన పశువుల మాంసము తినకూడదు. విగ్రహములకు మ్రొక్కకూడదు. వినడానికి చిన్న నియమాలే. ఆనాటి పల్లెలో ఇవి ఎంత పెద్దవో ఆలోచించండి. చచ్చిన గొడ్డును లాగివేయడం, దాని తోలు ఒలవడం, జాతరలో డప్పు కొట్టడం, రైతు పిలిచిన గడియకు వెట్టికి పోవడం, ఇదంతా మాదిగ మీద ఊరు పెట్టిన కట్టడి. ఆదివారము రానన్నా, డప్పు కొట్టనన్నా ఊరి పెద్దలకు కోపము వచ్చింది. బావుల దగ్గరకు రానివ్వలేదు. పనికి పిలవలేదు. తప్పుడు కేసులు బనాయించారు. దెబ్బలు కొట్టారు. అయినా ఒక్కొక్క పల్లెలో పెద్దలు కూర్చొని ఆలోచించి, అందరమూ కలిసి ఇలాగే నడుద్దాము అని తీర్మానించుకున్నారు. నీతిగా నడవడమంటే వారికి ఉపదేశము కాదు. దానికి వెల కట్టవలసి వచ్చింది, కట్టారు.

ఇక కరువు సంగతి. 1876లో వానలు తప్పాయి. తెలుగువారు ధాత సంవత్సరమని పిలిచే ఆ ఏడు మొదలైన కరువు 1878 దాకా మద్రాసు రాజధానిని పీల్చివేసింది. మన పెద్దలు దానిని ధాత కరువు అనేవారు. లక్షలాది జనము చనిపోయారు. కరువు వెంట కలరా, మశూచి వచ్చాయి. భూమి ఉన్నవానికి గింజలు నిలువ ఉంటాయి గాని, కూలివానికి ఏమి ఉంటుంది? తోలు పనివాని దగ్గర చెప్పులు కుట్టించుకొనేదెవరు? పశువులు చచ్చిపోయాక రైతుకు తొండము, వారు, మోట పని కూడా లేదు. అందరికన్నా ముందు ఆకలికి పడిపోయినవారు మాలలు, మాదిగలు.

ప్రభుత్వము కరువు పనులు పెట్టింది. పనికి వచ్చినవారికి ఇచ్చే కూలి ఎంతో తెలుసా? 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి చేసిన కట్టడి ప్రకారము రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా. పౌను అంటే అరకిలో కన్నా తక్కువ. దినమంతా మట్టి మోసే మనిషికి అది చాలదని ఆ రోజుల్లోనే వైద్యాధికారులు వాదించారు. అదిగాక పనులకు వెళ్ళిన మాదిగలను అక్కడి మేస్త్రీలు ఈసడించి తరిమేవారని దొరగారికి కబురు వచ్చింది.

మద్రాసు నుండి ఉత్తరముగా తీరము వెంట సాగి, పెదగంజాం దగ్గర కృష్ణా కాలువలతో కలిసే కాలువను అప్పుడు తవ్విస్తున్నారు. గవర్నరు పేరు మీద దానికి బకింగ్‌హాం కాలువ అని పేరు. మద్రాసులో ఉన్న మన సంఘస్థులకు ఈ కాలువ బాగా తెలుసు. నగరము మధ్యగా పోతుంది. ఈనాడు దాని నీరు నల్లగా మారి వాసన కొడుతుంది, 1990ల నుండి దానిలోనే స్తంభాలు వేసి పైన రైలు నడుపుతున్నారు. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకొని దాటిపోతుంటాము గాని, అది ఉత్తరాన మన తాతల చేతులతో తవ్విన నీటితో కలిసే కాలువ అని ఎంతమందికి తెలుసు?

ఆ కాలువలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు క్లౌ దొరగారు తన పేర పుచ్చుకున్నారు. మిషనెరీకి కాంట్రాక్టు ఎందుకు అని అడిగినవారు ఉండే ఉంటారు. తన జనము వేరొకరి మేస్త్రీ క్రింద చావకూడదని ఆయన ఉద్దేశము. లాభము కోసము పట్టిన కాంట్రాక్టు కాదు. మిన్నెసోటాలో నేర్చుకున్న కొలత విద్య ఇరవై ఏళ్ళకు ఇక్కడ అక్కరకు వచ్చింది. మన బోధకులే మేస్త్రీలయ్యారు. మగవారు పలుగు పారతో తవ్వితే ఆడవారు తట్టలతో మోశారు. క్రైస్తవుడని ఎక్కువ లేదు, కాడని తక్కువ లేదు. తవ్విన మట్టికి కూలి. ఎక్కడెక్కడి పల్లెలనుండో జనము నడిచి వచ్చారు. నడవలేక దారిలో పడిపోయినవారు కూడా ఉన్నారు. వచ్చినవారు ఆకులతో, గుడ్డలతో నీడ వేసుకొని గట్టు ప్రక్కనే ఉన్నారు. పని ఆగిన వేళల్లో బోధకులు వారి మధ్య కూర్చొని క్రీస్తు ప్రేమను గూర్చి చెప్పేవారు. ఆ బోధకుడే ఉదయము కొలత కొలిచినవాడు, సాయంత్రము కూలి పంచినవాడు. అతని కొలతలో మోసము లేదని చూసినవారు అతని మాట కూడా విన్నారు.

కొద్దికాలానికే జనము బాప్తిస్మము అడగడం మొదలుపెట్టారు. పదులు కాదు, వందలు.

దొరగారు ఇవ్వలేదు.

1877 మార్చి నుండి 1878 జూన్ వరకు పదిహేను నెలలు ఆయన ఎవ్వరినీ చేర్చుకోలేదు. చేతిలో పని ఉన్నది, పంచడానికి సొమ్ము ఉన్నది. లండన్ నగరములో పోగుచేసిన మాన్షన్ హౌస్ కరువు నిధి నుండి కూడా సహాయము వస్తున్నది. ఆ సమయంలో బాప్తిస్మము ఇస్తే అన్నము కోసము వచ్చినవాడెవరో, దేవుని కోసము వచ్చినవాడెవరో తెలియదు. వచ్చినవానికే తన మనస్సు సంగతి తెలియకపోవచ్చును. అన్నము పెట్టే చెయ్యి, బాప్తిస్మము ఇచ్చే చెయ్యి ఒకే వేళ చాచకూడదని ఆయన నిశ్చయించుకున్నారు. లెక్కలు చూసే అమెరికా సభల ముందు, సుమారు పాతికేళ్ళుగా ఒంటరి నక్షత్రమని పేరుపడిన మిషను అది. వేల సంఖ్య వ్రాసి పంపే అవకాశము తలుపు తట్టుతుంటే, కాగితము మీద సున్నా వ్రాసి పంపినవాడు ఆయన. మాకు 2,222 కన్నా ఈ సున్నా పెద్దదిగా కనబడుతుంది. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టి, దానికి బదులు ఏమీ అడగకపోవడము. దేవుని ప్రేమకు మనుష్యుల చేతిలో ఇంతకన్నా సరియైన రూపము మేము ఎక్కువగా చూడలేదు.

1878లో వానలు పడి పంట మీద ఆశ కలిగింది. కాలువ పని అయిపోయింది. పంచే సొమ్ము అయిపోవచ్చింది. ఇక ఇచ్చేదేమీ లేదు, పని కూడా లేదు, ఇళ్ళకు వెళ్ళండి అని దొరగారు కబురు పంపారు. ఒంగోలుకు గుంపులుగా రావద్దని, బోధకులు మాత్రమే రావాలని కూడా చెప్పారు. అయినా జనము బోధకుల వెంట వచ్చేశారు. మాకు మీ డబ్బు వద్దు, కాలువ తవ్వి మా చేతులకు లేచిన బొబ్బలే దానికి సాక్ష్యము, మా వాళ్ళు చచ్చినట్లు మేమూ చస్తే క్రైస్తవులుగానే చస్తాము అన్న అర్థము వచ్చేలా వారు పలికినట్లు దొరగారు తరువాత చెప్పుకున్నారు. ఆ బొబ్బల మాటతో ఆయన మనస్సు కరిగింది. ఇక ఆపడానికి నేనెవరిని అనుకున్నారు. జూన్ 16న బాప్తిస్మములు మరల మొదలైనవి.

ఒంగోలులో అంతమంది చేరితే రోగము వ్యాపిస్తుందనే భయముతో ఊరికి పది మైళ్ళ దూరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి రమ్మన్నారు. అక్కడ వచ్చినవారందరినీ ఒక్కసారిగా నీళ్ళలోకి దించలేదు. ఏ పల్లెవారు ఆ పల్లె బోధకునితో విడివిడిగా కూర్చున్నారు. బోధకునికి వారి బ్రతుకు తెలుసు. ఎవరు త్రాగుతాడో, ఎవరు విగ్రహము దాచుకున్నాడో అతనికి తెలుసు. విచారించి, కొందరిని ఆగమని, తక్కినవారి పేర్లు వ్రాశారు. జూలై 2న 614 మంది. జూలై 3న 2,222 మంది. మూడు దినములకు కలిపి 3,536. నదిలో ఒకేసారి ఇద్దరు బోధకులు నిలబడి బాప్తిస్మమిచ్చేవారు. అలసినప్పుడు ఇంకొక ఇద్దరు దిగేవారు. అలాగు ఆరుగురు. మధ్యాహ్నపు ఎండలో కొంతసేపు ఆపి, మరల మొదలుపెట్టి సాయంత్రానికి ముగించారు. ఇందులో తొందరపాటు గాని, గందరగోళము గాని లేదు. ఇంకొక సంగతి గమనించవలెను. ఆ దినము దొరగారు నీళ్ళలో దిగలేదు, ఒక్కరికైనా తన చేతితో బాప్తిస్మమివ్వలేదు. ఒడ్డున నిలబడి చూశారు. నదిలో నిలిచిన ఆరుగురూ మనవారే.

ఆ సంవత్సరము ముగిసేసరికి 9,606 మంది చేరారు. 1883 నాటికి ఒంగోలు సంఘస్థులు 20,000 దాటడంతో, ఒకే సంఘముగా ఉంచడము సాధ్యముకాక పొలమును విభజించి కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల కేంద్రములు ఏర్పరిచారు. మనలో కొందరి కుటుంబాల బాప్తిస్మపు లెక్కలు ఆ ఊళ్ళ రిజిష్టర్లలో దొరుకుతాయి.

అన్నీ సక్రమముగా జరిగాయని మేము చెప్పము. ఇంత జనానికి చదువు చెప్పడానికి బోధకులు చాలలేదు. 1872లో రామాయపట్నములో పెట్టిన వేదపాఠశాల నుండి వచ్చేవారు కొద్దిమందే. ఎన్నో పల్లెల్లో నెలల తరబడి బోధకుడు అడుగు పెట్టలేదు. కొందరు పాత అలవాట్లకు జారిపోయారు. ఇన్ని వేలమందిని ఒక్కసారి చేర్చుకోవడము తొందరపాటని తోటి మిషనెరీలే కొందరు అన్నారు. విదేశీ సొమ్ము మీద ఆధారపడే అలవాటు సంఘాలకు ఏర్పడిందని కూడా విమర్శించారు. ఆ రెండవ విమర్శలో కొంత నిజమున్నదని మేము ఒప్పుకుంటాము. దొరగారు మొండి మనిషి, తాననుకున్నది చేసి తీరే మనిషి అని కూడా ఒప్పుకోవాలి. కాని గంజి కోసమన్న మాటకు మాత్రము, గంజి ఉన్నంతకాలము ఆయన తలుపు తీయలేదు, గంజి అయిపోయిన తరువాతనే తీశాడు అన్నదే జవాబు. కరువు వల్ల, ఆ సహాయము వల్ల జనము మనస్సు కదలలేదా అంటే కదిలింది. ఎందుకు కదలదు? ఊరు మొత్తము వెలివేసిన మనిషిని ఒకడు మనిషిగా చూసి, చేసిన పనికి సరియైన కూలి లెక్కపెట్టి చేతిలో పెడితే, వీరి దేవుడెవరో తెలుసుకుందామని అనిపించదా? కృతజ్ఞతను లంచము అనడము న్యాయము కాదు.

ఆ అబ్బాయికి మేము ఇదే చెప్పాము. కాసేపు ఊరుకొని, ఆ పదిహేను నెలలు అడిగి అడిగి ఇవ్వకముందే చనిపోయినవాళ్ళ సంగతేమిటి అని అడిగాడు. మేము ఆ ప్రశ్నను ఎదురుచూడలేదు. కరువులో, కలరాలో అటువంటివారు తప్పక ఉండి ఉంటారు. వారి పేర్లు ఏ రిజిష్టరులోనూ లేవు. దేవుని ప్రేమ మన రిజిష్టరు దగ్గర ఆగిపోదని మాత్రము అన్నాము. అతనికి అది చాలిందో లేదో తెలియదు. మాకే పూర్తిగా చాలలేదు.

దొరగారి మిగిలిన జీవితము క్లుప్తముగా చెప్పి ముగిస్తాము. హారియెట్ అమ్మగారు 1893లో మరణించారు. 1894లో ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్ అమ్మగారిని వివాహమాడారు. ఆమె మాదిగ పెద్దల నోట విన్న కథలను సేకరించి, చెప్పులు కుట్టేవారి పల్లెలను గూర్చి 1899లో ఒక పుస్తకము వెలువరించారు. పేరయ్యగారి వంటివారు క్రీస్తును ఎరుగకమునుపు ఏ గురువుల దగ్గర ఏమి వెదికారో ఈనాడు మనకు తెలియడము చాలావరకు ఆమె వలననే. వృద్ధాప్యములో దొరగారి శరీరము చాలా బాధపెట్టింది. 1910లో స్వదేశము వెళ్ళి, నవంబరు నెలలో న్యూయార్క్ రాష్ట్రములోని రోచెస్టర్ నగరములో ప్రభువునందు నిద్రించారు. వయస్సు 74 ఏళ్ళు. చివరి ఏళ్ళలో ఆయన చెప్పుతుండగా ఎమ్మా అమ్మగారు ఆయన జీవితచరిత్రను వ్రాశారు. అది 1914లో అచ్చయింది. అందులో కాలువ గట్టున మేస్త్రీలుగా నిలిచిన బోధకులకు, తాళ్ళకొండపాడు చింతచెట్ల క్రిందికి మూటలతో వచ్చిన జనానికి ఆయన తగిన చోటు ఇచ్చారు.